మతం లేని బడి: మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగువాళ్ల జాడ

పెళ్లి చీరలు కొనాలంటే చెన్నైలో తెలుగు కుటుంబాలు వెళ్లేది టీ నగర్‌కే. పానగల్ పార్కు దగ్గర దిగి, ఒక కొట్టులోంచి ఇంకో కొట్టులోకి తిరిగి, కాళ్లు పీకుతుంటే పార్కు గోడ పక్కన కాసేపు నిలబడతారు. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్. ఆ త్యాగరాయ పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు. పానగల్ అంటే పానగంటి రామరాయణింగారు, కాళహస్తి వైపు జమీందారీ కుటుంబానికి చెందిన తెలుగువాడు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి). ఈ ఇద్దరూ డిగ్రీ చదివింది ఒకే కాలేజీలో. మెరీనా బీచికి ఎదురుగా, కామరాజర్ సాలై మీద, ఎర్రటి గోడలతో, గడియారం ఉన్న గుమ్మటంతో నిలిచిన ప్రెసిడెన్సీ కాలేజీ అది.

ఆ కాలేజీని లౌకిక విద్యకు నమూనాగా చెబుతారు. దొరలు దయతలచి మతం జోలికి పోకుండా చదువు చెప్పారన్నది చాలామంది మనసులో ఉన్న కథ. కాలేజీ పుట్టిన తీరు చూస్తే కథ అలా నడవలేదు. తరగతి గదిలోకి మతం రాకూడదన్న మాటను నిలబెట్టడానికి మద్రాసు జనం గట్టిగా కొట్లాడారు. ఆ కొట్లాటలో ముందు నిలిచినవాడు ఒక తెలుగు వర్తకుడు.

మొదలు 1839లో ఉంది. అప్పటికి మద్రాసులో ఇంగ్లీషు చదువు కావాలంటే మిషనరీ బడులే పెద్ద దిక్కు. స్కాట్లండ్ నుంచి వచ్చిన జాన్ ఆండర్సన్ 1837లో పెట్టిన బడికి మంచి పేరుంది; తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీగా ఎదిగింది ఆ బడే. చదువు బాగుంటుంది, కానీ చదువుతోపాటు బైబిలూ ఉంటుంది. తమ పిల్లలకు ప్రభుత్వమే ఇంగ్లీషు పై చదువు చెప్పించాలని కోరుతూ నగర ప్రజలు గవర్నర్ లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు అర్జీ ఇచ్చారు. దాని మీద దాదాపు 70,000 సంతకాలున్నాయి. ఊరూరా తిరిగి చేతి సంతకాలు పోగుచేయాల్సిన రోజుల్లో అది మామూలు సంఖ్య కాదు. అర్జీని ముందుండి నడిపినవాడు జార్జ్ నార్టన్, ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి అడ్వకేట్ జనరల్.

ఎల్ఫిన్‌స్టన్ ఒప్పుకున్నాడు. యూనివర్శిటీ అని పేరు పెట్టాడు, దానికి ఒక బోర్డు వేశాడు. అందులో హైస్కూలు ఒకటి, కాలేజీ ఒకటి ఉండాలని ప్లాన్. 1840 అక్టోబరులో ఎగ్మూరులోని ఒక అద్దె ఇంట్లో చిన్న సన్నాహక బడి మొదలైంది. ఆ ఇంటి పేరు ఎడిన్‌బరో హోమ్. మరుసటి ఏడాది హైస్కూలు జార్జిటౌను వైపు, పోఫమ్స్ బ్రాడ్‌వేలో తెరుచుకుంది. అక్కడితో ఆగిపోయింది. పేరుకు యూనివర్శిటీ, ఉన్నది మాత్రం హైస్కూలు. కాలేజీ తరగతులు రావడానికి పన్నెండేళ్ల పైనే పట్టింది. ప్రెసిడెన్సీ కాలేజీ అన్న పేరు వచ్చింది 1855లో.

ఆ ఖాళీ కాలంలో బడిని నిలబెట్టినవాడు ఐర్ బర్టన్ పావెల్. కేంబ్రిడ్జిలో లెక్కలు చదివి, 1840లో మద్రాసు వచ్చి, రెండు దశాబ్దాలకు పైగా ఇక్కడే ఉన్నాడు. పగలు పిల్లలకు బీజగణితం చెప్పి, రాత్రిళ్లు దూరదర్శినితో జంట నక్షత్రాలను చూసి లెక్కలు రాసుకునేవాడు. ఆ పరిశీలనలు అచ్చయ్యాయి కూడా. తర్వాత మూడు సంస్థానాల్లో దివానుగా పేరు తెచ్చుకున్న టి. మాధవరావు ఈ పావెల్ శిష్యుడే. పావెల్ విగ్రహం కాలేజీలో ఇప్పటికీ ఉంది.

బడి మొదలైన ఏడాదికే నగరంలో పెద్ద గొడవ రేగింది. 1841లో ఆండర్సన్ బడి విద్యార్థులు కొందరు క్రైస్తవం తీసుకున్నారు. తల్లిదండ్రులు ఒక్కసారిగా పిల్లల్ని బడి మాన్పించారు. పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకోవాలి, ఉద్యోగం రావాలి, కానీ ఇంట్లోంచి పోకూడదు. ఆ రోజుల్లో మద్రాసు ఇళ్లల్లోని టెన్షన్ ఇదే. అందుకే ఆ ఇళ్లకు ప్రభుత్వ బడి ఒక భరోసాగా కనిపించింది.

ఆ భరోసాకు గండి కొట్టబోయింది ప్రభుత్వమే. ఎల్ఫిన్‌స్టన్ తర్వాత గవర్నరుగా వచ్చిన ట్వీడ్‌డేల్, ప్రభుత్వ బడుల్లో బైబిలును పాఠంగా పెట్టాలని 1846లో ప్రతిపాదించాడు. ఇష్టమున్నవాళ్లే ఆ తరగతికి రావచ్చన్నాడు. కానీ పాలకుడే పెట్టిన తరగతిలో ఇష్టానికి ఎంత చోటు ఉంటుందో చెన్నపట్నం జనానికి తెలుసు.

అప్పుడు ముందుకొచ్చినవాడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1806లో మద్రాసులోని తెలుగు వర్తక కుటుంబంలో పుట్టి, బట్టల వ్యాపారంలో బాగా సంపాదించాడు. 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. మిషనరీల ఒత్తిడికీ, కంపెనీ అధికారుల పక్షపాతానికీ ఎదురుగా హిందువుల మాట వినిపించడానికే ఆ పత్రిక. 1846లో నగరంలో సభ జరిగింది, లక్ష్మీనరసు చెట్టి ముందు నిలిచాడు, లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు విజ్ఞాపన వెళ్లింది. 1847లో డైరెక్టర్లు ట్వీడ్‌డేల్ ప్రతిపాదనను తోసిపుచ్చారు. విజ్ఞాపన ఒక్కదానివల్లే అలా జరిగిందనుకోలేం. ప్రజల మతం జోలికి పోతే వ్యాపారానికీ పాలనకూ చేటని కంపెనీకి మొదటి నుంచీ భయముంది. ఆ భయాన్ని గుర్తుచేసి, కాగితం మీద పెట్టి, సంతకాలతో పంపినవాళ్లు మాత్రం మద్రాసు జనం.

లక్ష్మీనరసు చెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు, పన్నుల వసూళ్లలో రైతుల్ని హింసించే పద్ధతుల మీద విచారణ జరిపించడానికి పూనుకున్నాడు. ఆస్తి అంతా ప్రజల పనులకే ఖర్చుపెట్టి, 1868లో పేదవాడిగా పోయాడు. ఇవాళ చెన్నైలో తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసిన పేర్లలో మొదటి వరుసలో ఉండవలసింది ఈ పేరు. పెద్దగా ఎవరికీ తెలియకపోవడం బాధ కలిగిస్తుంది.

1854లో ఛార్లెస్ వుడ్ పేరిట వచ్చిన విద్యా పత్రం ఈ విషయాన్ని రాతపూర్వకంగా తేల్చింది. ప్రభుత్వ సంస్థల్లో చెప్పే చదువు పూర్తిగా లౌకికంగానే ఉండాలి. బైబిలు గ్రంథాలయంలో ఉంటుంది, చదవాలనుకున్న పిల్లవాడు తీసి చదువుకోవచ్చు, పాఠంగా మాత్రం ఉండదు. మిషనరీ బడులకు మరో దారి చూపించింది: లౌకిక పాఠాలు బాగా చెబితే ప్రభుత్వ గ్రాంటు వస్తుంది, మతబోధ సంగతి సర్కారు పట్టించుకోదు.

ఈ రెండు దారులూ ఒకే గొడుగు కిందికి ఎలా వచ్చాయన్నదే ఈ కథలో ఆసక్తికరమైన మలుపు. దానికి నమూనా లండన్‌లో ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో పట్టా పొందాలంటే ఆంగ్లికన్ మతవిశ్వాసం (ఇంగ్లండు అధికారిక చర్చి మతం) ఒప్పుకోవలసిన రోజుల్లో, ఏ మతంవాళ్లయినా చదువుకోవచ్చంటూ 1826లో లండన్‌లో ఒక కాలేజీ పుట్టింది. దేవుడు లేని కాలేజీ అని దాన్ని తిట్టారు. పోటీగా 1829లో ఆంగ్లికన్లు కింగ్స్ కాలేజీ పెట్టారు. ఈ రెండింటి మధ్య తగువు తెగక, 1836లో రెండింటికీ పైన లండన్ యూనివర్శిటీని నిలబెట్టారు. దాని పని పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం.

1857 సెప్టెంబరులో పుట్టిన మద్రాసు యూనివర్శిటీ అచ్చంగా ఇదే పద్ధతిలో వచ్చింది. పాఠం చెప్పేది కాలేజీలు, పరీక్ష పెట్టేది యూనివర్శిటీ. మెరీనా మీది ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థి, బైబిలు తరగతికి తప్పనిసరిగా కూర్చున్న క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి, ఎస్ప్లనేడులో హిందువులకే ప్రవేశమిచ్చే పచ్చయప్ప కాలేజీ విద్యార్థి, రాజమండ్రి, విజయనగరం కాలేజీల తెలుగు కుర్రాళ్లు, అందరూ రాసేది ఒకటే ప్రశ్నపత్రం. పచ్చయప్ప కాలేజీ తలుపులు హిందూయేతరులకు తెరుచుకున్నది 1947లో అని గుర్తుచేసుకుంటే, ఆ గొడుగు కింద ఎంత భిన్నమైన ఇళ్లున్నాయో తెలుస్తుంది. పరీక్షకు మతం లేదు కాబట్టి, ఏ కాలేజీ తన గదిలో ఏం చెప్పుకున్నా యూనివర్శిటీకి పట్టలేదు. పట్టా మీద కాలేజీ మతం కనపడదు. ఇది తెలివైన ఏర్పాటు. దీనికి ఒక లోపం కూడా ఉంది: చదువంటే పరీక్షే అన్న అలవాటు దక్షిణాదిలో అప్పుడే పాతుకుపోయింది.

మిషనరీలకు ప్రెసిడెన్సీ కాలేజీ కంట్లో నలుసు. దేవుణ్ణి తీసేసిన చదువు నీతి లేని మనుషుల్ని తయారుచేస్తుందని వాళ్ల వాదన. ప్రభుత్వం పై చదువుల నుంచి తప్పుకుని ఆ పని మిషన్లకు వదిలేయాలని 1882లో విద్య మీద ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ముందు కూడా గట్టిగానే వాదించారు. ప్రెసిడెన్సీ కాలేజీ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. క్రిస్టియన్ కాలేజీని పెద్దది చేసిన విలియం మిల్లర్ మతమార్పిడి కన్నా క్రైస్తవ భావాలు సమాజంలోకి ఇంకడమే తన పని అనుకున్నాడు. అయినా 1888లో ఒక విద్యార్థి క్రైస్తవం పుచ్చుకోబోతున్నాడన్న వార్త మీద అక్కడి హిందూ విద్యార్థులు తరగతులు బహిష్కరించారు.

కాలేజీకి సొంత భవనం 1870లో వచ్చింది. గీసినవాడు రాబర్ట్ చిషోమ్, తర్వాత యూనివర్శిటీ సెనేట్ హౌస్ కట్టినవాడూ అతనే. అప్పటికి ముందున్నది ఇసుక, సముద్రం మాత్రమే. మెరీనా షికారు బాట 1884లో గాని రాలేదు.

దేవుడు లేని చదువులో నీతి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మిషనరీలు ఊరికే వేసింది కాదు. దానికి ఈ బడి తెలుగు తరగతిలో ఒక జవాబు దొరుకుతుంది. ఇక్కడి తొలి తెలుగు పండితుడు పరవస్తు చిన్నయసూరి. ఆయన పంచతంత్ర కథల పుస్తకం నీతిచంద్రిక 1853లో అచ్చయింది. అందులో ఒక కథ ఇది. గోదావరి ఒడ్డున బూరుగు చెట్టు, దాని మీద లఘుపతనకమనే కాకి. వేటగాడు నూకలు చల్లి వల పన్నాడు. పావురాలు దిగి చిక్కుకున్నాయి. అందరూ కలిసి ఒక్క ఊపున ఎగిరితే వలతో సహా లేచిపోవచ్చని రాజు చిత్రగ్రీవుడు చెప్పాడు. ఎగిరాయి. స్నేహితుడైన హిరణ్యకమనే ఎలుక కలుగు దగ్గర వాలాయి. ఎలుక ముందుగా రాజు కట్లు కొరకబోతే, నా పరివారం కట్లు ముందు కొరుకు, నావి తర్వాత అన్నాడు చిత్రగ్రీవుడు.

ఈ కథ వినడానికి ఏ మతంవాడికీ అభ్యంతరం ఉండదు. వైష్ణవుడి కొడుకైనా, ముస్లిం ఇంటి పిల్లవాడైనా, క్రైస్తవుడైనా పావురాల రాజు మాటకు తలూపుతాడు. చిన్నయసూరి ఈ కథలను ఎంచుకోవడానికి లౌకిక విద్యా విధానమే కారణమని అనడం తొందరపాటు. పంచతంత్రం అంతకు ముందు నుంచీ మన బడుల్లో ఉన్నదే. కానీ బైబిలు, పురాణం రెండూ బయట ఉన్న తరగతిలో నీతి చెప్పాల్సి వస్తే కాకి, ఎలుక, తాబేలు, లేడి ఆ బరువు మోశాయన్నది నిజం. తర్వాత తరాల తెలుగు పిల్లలు దశాబ్దాల తరబడి చదివిన పాఠం అది.

ఇంకో సంగతి. చిన్నయసూరి చాత్తాద శ్రీవైష్ణవుడు, బ్రాహ్మణేతరుడు. సంప్రదాయ పండిత సభల్లో ఆయన పుట్టుక అడ్డుపడి ఉండేది. మద్రాసు విద్యాశాఖకు తొలి డైరెక్టరైన అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ ఆయన పాండిత్యాన్ని చూసి గౌరవించాడు. తెలుగు వ్యాకరణానికి చివరి మాటగా చాలాకాలం నిలిచిన బాలవ్యాకరణం 1858లో వచ్చింది. సర్కారు కొలువు, సర్కారు కాలేజీ ఆ మేరకు ఒక తలుపు తెరిచాయి.

చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే రాసి వెళ్లిపోయాడు. మిగిలిన భాగాలకు తర్వాత చేయి పెట్టినవాళ్లలో కొక్కొండ వెంకటరత్నం పంతులు ఒకరు, కందుకూరి వీరేశలింగం పంతులు ఇంకొకరు. ఈ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఇదే కాలేజీలో తెలుగు పండితులుగా పనిచేశారు. ఇద్దరికీ పడేది కాదు. కొక్కొండ గ్రాంథికం విడిచి మాట్లాడడానికే ఇష్టపడని మనిషి, ఇంట్లో కూడా పుస్తక భాషే మాట్లాడేవాడని చెప్పుకునేవారు. వితంతు వివాహాలంటే మండిపడ్డాడు, తన ఆంధ్రభాషాసంజీవని పత్రికలో రాశాడు. వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టి ఆ రాతలకు జవాబిచ్చాడు, అది చాలక హాస్యసంజీవని పెట్టి ఎగతాళి చేశాడు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కొక్కొండ దిగిన కుర్చీలో వీరేశలింగం కూర్చున్నాడు.

లౌకిక కాలేజీ అంటే ఏమిటో ఈ ఒక్క కుర్చీ చెబుతుంది. ఆచారం నిలబెట్టాలన్నవాడినీ, ఆచారం మార్చాలన్నవాడినీ కాలేజీ అడిగింది ఒకటే: తెలుగు బాగా చెప్పగలవా? మిషన్ కాలేజీలో గానీ, ఆచారం పట్టున్న హిందూ సంస్థలో గానీ ఈ ఇద్దరికీ ఒకే కుర్చీ దొరికేదా అన్నది అనుమానమే. అదే వరుసలో 1903 నుంచి ఉ.వే. సామినాథయ్యరు తమిళ పండితుడిగా ఇక్కడ పాఠం చెప్పాడు, ఆయన విగ్రహం కాలేజీ ముందు ఉంది. చిన్నయసూరికి గానీ, వీరేశలింగానికి గానీ అక్కడ అలాంటి నిలువెత్తు గుర్తు ఉంటే తెలుగువాళ్లకు ఎంత బాగుండేది.

1909లో తత్వశాస్త్రం చెప్పడానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడికి వచ్చాడు. తిరుత్తణిలో పుట్టిన ఈ తెలుగు కుర్రవాడు చదివింది క్రిస్టియన్ కాలేజీలో. హిందూ తత్వంలో నీతికి చోటు లేదన్న మిషనరీ విమర్శ విని, వేదాంతంలో నీతి గురించి 1908లో పరిశోధనా వ్యాసం రాశాడు. ప్రశ్న ఆ కాలేజీ వేసింది, ఉద్యోగం ఈ కాలేజీ ఇచ్చింది. చదువుకునే మనిషికి రెండూ అవసరమేనేమో.

ఆ రోజుల్లోనే సుబ్బలక్ష్మి అనే బాలవితంతువు ప్రెసిడెన్సీలో చదివి 1911లో డిగ్రీ పొందింది. మద్రాసు రాష్ట్రంలో పట్టా అందుకున్న తొలి బ్రాహ్మణ వితంతువు ఆమె. తర్వాత కొన్నేళ్లకు అదే బీచి రోడ్డులో ఉన్న ఐస్ హౌస్‌ను వితంతు బాలికలకు హాస్టలుగా మార్చింది. కాలేజీ గేటు దాటి దక్షిణంగా నడిస్తే కాసేపట్లో వచ్చే గుండ్రటి ఇల్లే ఐస్ హౌస్. ఇప్పుడు వివేకానందుడి పేరుతో ఉంది.

ఇంత చెప్పాక, లోపమూ అంతే సూటిగా చెప్పాలి. తరగతిలోకి మతం రాలేదు, నిజమే. ఆ తరగతిలోకి వచ్చిందెవరు? ఫీజు కట్టగలవాళ్లు, ఇంట్లో ముందు నుంచే అక్షరం ఉన్నవాళ్లు. పట్టభద్రుల్లో జనాభాతో పోలిస్తే బ్రాహ్మణుల సంఖ్య చాలా పెద్దది. అంటరానివాళ్లుగా చూడబడిన కులాల పిల్లలకు ఆ మెట్లు చాలాకాలం అందలేదు. మతం అడగకపోతే చాలు, అందరికీ తలుపు తెరిచినట్టే అని ప్రభుత్వం అనుకుంది. ఊళ్లో కులం అడిగేవాళ్లు వేరే ఉన్నారు. పల్లె నుంచి వచ్చిన బ్రాహ్మణేతర కుర్రాడికి కాలేజీలో సీటు దొరికినా, ట్రిప్లికేన్‌లో అన్నం పెట్టే మెస్సు, తలదాచుకునే గది దొరికేవి కావు. డాక్టర్ నటేశ మొదలియారు 1916లో ట్రిప్లికేన్‌లో ద్రవిడియన్ హోమ్ అనే హాస్టలు పెట్టింది ఇందుకే.

అదే ఏడాది చివర్లో బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువరించింది పిట్టి త్యాగరాయ చెట్టి. అతను ఈ కాలేజీ పట్టభద్రుడు. లౌకిక చదువు చదివినవాడే ఆ చదువు ఎవరికి అందలేదో లెక్క చెప్పాడు. 1920లో కార్పొరేషన్ పెద్దగా ఉండి, థౌజండ్ లైట్స్‌లోని బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించాడు. పానగల్ ప్రభుత్వం ఉద్యోగాల్లో వర్గాలవారీ వాటాల ఉత్తర్వు తెచ్చింది, ప్రభుత్వ కాలేజీల్లో ప్రవేశాలు చూడడానికి కమిటీలు వేసింది. లక్ష్మీనరసు చెట్టి తరం పాఠ్యపుస్తకం నుంచి మతాన్ని దూరం పెట్టమని అడిగితే, త్యాగరాయ చెట్టి తరం హాజరుపట్టీలో ఎవరి పేర్లున్నాయో చూపించమని అడిగింది. రెండో ప్రశ్న మొదటిదానికన్నా కష్టమైనది. దాని మీద తగువు స్వతంత్రం వచ్చాక సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మద్రాసు కాలేజీ ప్రవేశాల కేసులో 1951లో వచ్చిన తీర్పు వల్లే రాజ్యాంగానికి మొదటి సవరణలో వెనుకబడిన తరగతుల కోసం కొత్త క్లాజు చేరింది.

ఈలోగా పైనున్న గొడుగు చిన్నదవుతూ వచ్చింది. గంజాం నుంచి మలబారు దాకా పరుచుకున్న మద్రాసు యూనివర్శిటీ నుంచి 1916లో మైసూరు విడిపోయింది. 1923 చట్టంతో మద్రాసు యూనివర్శిటీ పరీక్షలతో ఆగకుండా తానే పాఠం చెప్పే, పరిశోధన చేసే సంస్థగా మారింది. తెలుగు జిల్లాలకు వేరే యూనివర్శిటీ కావాలన్న కోరిక 1926లో తీరింది. ఆ బిల్లును సభలో నడిపిన విద్యామంత్రి అన్నెపు పరశురామదాసు పాత్రో పానగల్ మంత్రివర్గంలోని మనిషి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, మిల్లర్ నడిపిన క్రిస్టియన్ కాలేజీలో చదువుకున్నవాడు. 1931లో ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది ప్రెసిడెన్సీలో పాఠం చెప్పిన రాధాకృష్ణన్.